పోస్టులో వచ్చిన పొడుం

మా జేజినాయన ముక్కు సామాన్యమైన ముక్కు కాదు. మద్రాసు పొడుం తప్ప మరొక పొడుం దానికి పనికిరాదు. ఆయన హిందూపురంలో ఒక బెల్లం మండీలో గుమాస్తా. పొద్దున్నే పెనుకొండలో రైలెక్కి పోయి, పొద్దుగూకి వచ్చేవాడు. హిందూపురం బజారంటే మాటలా! బెల్లం, చింతపండు, మిరపకాయలు బస్తాలకు బస్తాలు దిగే ఊరు. అంత ఊళ్ళోనూ ఆయనకు నచ్చిన పొడుం దొరికేది కాదు. ఎవరైనా డబ్బీ చాపితే చిటికెడు తీసుకుని, వాసన చూసి, "ఇది పొడుమా? పొయ్యిలో బూడిద!" అని దులిపేసేవాడు.

అందుకని రెండు నెలలకోసారి మద్రాసులో ఒక అంగడికి కార్డు ముక్క రాసేవాడు. వారం పది దినాలకు వి.పి. పార్శెలు వచ్చేది. అది గుంతకల్లు మీదుగా వచ్చేదో, పాకాల మీదుగా వచ్చేదో గాని, ఎటు వచ్చినా ధర్మవరం తాకి, పెనుకొండ స్టేషనులో టపా సంచీతో బాటు దిగేది.

1962 ప్రాంతాల్లో, ఎండాకాలం సెలవుల్లో జరిగిన ముచ్చట ఇది. జేజినాయన మండీకి పోయిన సమయంలో పార్శెలు వచ్చింది. గూట్లో డబ్బు పెట్టి ఉంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ పొట్లం విప్పి, పెద్దవాళ్ళు అంత తన్మయంగా పీల్చే ఆ వస్తువేమిటో ఒక్కసారి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. డబ్బు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. పోస్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నీకియ్యగూడదు నాయనా. పేరు ఎవరిదుంటే వాళ్ళకే. రేపు పోస్టాఫీసుకు రమ్మని చెప్పు మీ జేజినాయనకు" అన్నాడు.

"దుడ్లు తెచ్చినా కదా!" అన్నాను.

"దుడ్లు నీ చేతిలో ఉంటే సరిపోతుందా? సంతకం ఎవురు పెడతారు?" అని నవ్వి సైకిలెక్కాడు.

అదే సాయంకాలం పక్కింటాయన నన్ను పిలిచి, చేతిలో చిల్లర పెట్టి, రెండు బీడీలు తెమ్మన్నాడు. వీధి మలుపులో పెట్టెంగడికి పోయి అడిగాను. అంగడాయన బీడీలు రెండూ నా చేతిలో పెట్టాడు. ఎవరికిరా అని కూడా అడగలేదు.

ఆ రెండు సంఘటనలకూ మధ్య ఉన్న తేడా నాకు ఆనాడు తెలియలేదు. అరవై ఏళ్ళు పోయాక ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకంటే, పొగాకు సరుకులను వాడేవాళ్ళ ఇళ్ళకు పోస్టులో గాని, ఇంటర్నెట్టు ద్వారా గాని పంపడం పూర్తిగా మాన్పించాలనే వాదం లోకంలో బలంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడికలో మన దేశం 2004లో చేరింది. ఆ ఒడంబడిక కింద 2008లో వచ్చిన మార్గదర్శకాలు ఇంటర్నెట్టు అమ్మకాలను నిషేధించాలనే చెబుతున్నాయి. ఈ వాదన చేసేవాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళ ఉద్దేశమూ మంచిదే. అయినా నేను ఒప్పుకోలేను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను పొగాకు తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. చుట్ట, బీడీ, సిగరెట్టు, పొడుం, గుట్కా ఏ వేషం వేసినా పొగాకు పొగాకే. మన దేశంలో ఏడాదికి 13 లక్షల మందికి పైగా దానికి బలి అవుతున్నారు. నా పేచీ పొగాకును కట్టడి చేయడంతో కాదు. కట్టడి చేయడానికి పోస్టాఫీసు తలుపే దొరికిందా అన్నదే నా ప్రశ్న.

పొగాకు మీద నిషేధాలు కొత్తవి కావు. కృష్ణదేవరాయల తాంబూలంలో ఆకూ వక్కా ఉండేవి గాని పొగాకు ఉండేది కాదు. అప్పటికి అది మన దేశానికి రాలేదు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక రాయల వారసులు పెనుకొండ చేరుకున్నారు. వాళ్ళను అక్కడికి తరిమిన సుల్తానుల్లో బిజాపూరు సుల్తాను ఒకడు. ఆ బిజాపూరులోనే 1604 ప్రాంతాల్లో అక్బరు కొలువు మనిషి అసద్ బేగ్ మొదటిసారి పొగాకు చూశాడు. ముచ్చటపడి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా తెచ్చి చక్రవర్తికి సమర్పించాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడు. రాజవైద్యుడు వద్దన్నాడు. చక్రవర్తి మానేశాడు గాని, ప్రభువులు అందుకున్నారు.

1617లో జహంగీరు పొగ తాగరాదని ఫర్మానా వేశాడు. ఇరానులో షా అబ్బాసు కూడా నిషేధించాడు. అయితే జహంగీరు పంపిన రాయబారి ఖాన్ ఆలంకు పొగాకు లేనిదే క్షణం గడవదు. ఈ సంగతి విన్నవిస్తే షా ఒక కవితతో జవాబిచ్చి, ఆయన ఒక్కడికీ సెలవిచ్చాడు. నిషేధం జనానికి, మినహాయింపు దొరగారికి! నాలుగు వందల ఏళ్ళ కిందటి ఈ పద్ధతి ఇంకా పోలేదని ముందు ముందు మీకే తెలుస్తుంది. ఇంతకీ ఆ ఫర్మానాలు ఏమయ్యాయి? ఆ తరవాతి కాలంలోనే పొగాకు మన దేశమంతా పాకింది. మన బందరు పొడుం సముద్రాలు దాటి లండను అంగళ్ళలో పేరు తెచ్చుకుంది.

పోస్టు సంగతికి వద్దాం. వి.పి. పద్ధతి మన దేశంలో 1877లో వచ్చింది. సరుకు ఇంటికి వస్తుంది, డబ్బు ఇస్తేనే చేతికి వస్తుంది, ఆ డబ్బు మళ్ళీ పోస్టులోనే అమ్మినవాడికి చేరుతుంది. కొనేవాడు మోసపోడు, అమ్మేవాడు మునిగిపోడు. పెద్ద ఊళ్ళకు దూరంగా ఉన్న మనబోటి వాళ్ళకు అదొక వరం. ధర్మవరం పట్టుచీర ఎక్కడో ఉన్న పెళ్ళికూతురికి చేరినా, మద్రాసు మందు పెనుకొండ ముసలమ్మకు చేరినా ఆ సంచీలోనే. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో పంపకూడని వాటిని గురించి ఒక సెక్షను ఉండేది. పేలుడు పదార్థాలు, అపాయకరమైనవి, రోత పుట్టించేవి, హాని చేసే జీవాలు వగైరా. అందులో పొగాకు పేరు లేదు. తెల్లదొరలకు పొగాకు చేదని కాదు, తిరుచిరాపల్లి చుట్టలు వాళ్ళ నోట్లోనే ఉండేవి!

ఇప్పుడు అమెరికా వెళదాం. పోస్టులో పొగాకును నిషేధించిన ఘనత ఆ దేశానిదే. 2010 మార్చి 31న అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టిన చట్టం జూన్ 29 నుంచి అమలుకు వచ్చింది. సిగరెట్లు, నమిలే పొగాకు, ముక్కుపొడుం ఏవీ వాడేవాళ్ళకు పోస్టులో అమ్మి పంపరాదు. చట్టం తెచ్చినవాళ్ళ కారణాలు తోసిపుచ్చదగ్గవి కావు. పన్ను ఎగవేసిన సిగరెట్లు పార్శెళ్ళలో పోతున్నాయి. 2003లో పరిశోధకులు 11 నుంచి 15 ఏళ్ళ పిల్లల చేత ఇంటర్నెట్టులో సిగరెట్లు తెప్పిస్తే, చాలా పార్శెళ్ళు వయసు అడక్కుండానే వచ్చిపడ్డాయి. నిజమే. అది తప్పే.

కానీ ఆ చట్టంలోనే మొదటి సగం చూడండి. దూరాన ఉండి అమ్మేవాడు ఆ రాష్ట్రపు పన్ను కట్టాలి, పొట్లం మీద లోపల పొగాకు ఉందని రాయాలి, పుచ్చుకునేవాడి వయసు గుర్తింపు కార్డు చూసి సంతకం తీసుకోవాలి. రోగానికి మందు అక్కడే ఉంది. అంతటితో ఆగి ఉంటే నేను చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి. ఆగకుండా, ఆ పని అందరికంటే బాగా చేయగల పోస్టాఫీసునే మూసేశారు. పెద్ద ప్రైవేటు కొరియరు కంపెనీలు అంతకుముందే ఆ సరుకు మోయమని ఒప్పుకుని ఉన్నాయి. మిగిలింది పోస్టు ఒక్కటే, అదీ పోయింది. న్యూయార్కు రాష్ట్రంలోని సెనెకా తెగవారికి ఈ వ్యాపారమే జీవనం. వాళ్ళలోని వ్యాపారులు కోర్టుకెక్కారు. పన్నుకు సంబంధించిన భాగాన్ని కోర్టు ఆపింది గాని, పోస్టు నిషేధం జోలికి పోలేదు.

ఇంకో చమత్కారం. ఆ నిషేధం పెద్ద చుట్టలకు, అంటే సిగార్లకు వర్తించదు! ఖరీదైన సిగారు హాయిగా పోస్టులో రావచ్చు, ముసలాయన ముక్కుపొడుం రాకూడదు. షా అబ్బాసు కవిత జ్ఞాపకం వచ్చిందా? అలాస్కా, హవాయీ రాష్ట్రాల లోపల మాత్రం పంపుకోవచ్చునట. అంటే దూరాభారపు మనుషులకు పోస్టు తప్ప గతి లేదని చట్టమే ఒప్పుకుందన్నమాట.

అంత దూరం ఎందుకు, మన హిందూపురం కథే చూద్దాం. ఆ ఊరి ఎమ్మెల్యే నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. ఆడవాళ్ళ కన్నీళ్ళు చూసి తెచ్చిన చట్టమది, ఆ కన్నీళ్ళు నిజం. కానీ హిందూపురం నుంచి కర్ణాటక ఎంత దూరం? సైకిలు మీద పోయి రావచ్చు. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో రాష్ట్రం లోపలి నుంచీ, సరిహద్దుల అవతలి నుంచీ మద్యం కారిపోతోందన్నది ఒకటి. కళ్ళకు కనిపించే అంగడి మూస్తే సరుకు ఆగలేదు, కనిపించని దారి పట్టింది.

2013లో మన రాష్ట్రంలోనూ, కర్ణాటకలోనూ గుట్కా నిషేధించారు. పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఒక పొట్లంలో పెట్టి పక్కపక్కనే వేలాడదీశారు. కొన్నవాడు రెండూ చించి అరచేతిలో కలుపుకున్నాడు.

ఇది విని నవ్వొస్తుంది గాని, నాకు నవ్వు రాదు. ధర్మవరంలో మా మేనత్త కొడుకు, నాకు బావ, మగ్గం నేసేవాడు. రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పని ఉన్న వృత్తి అది, బీడీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని పొట్లం చించి దవడన పెట్టుకునేవాడు. ఆ దవడకే పుండు లేచింది. బెంగుళూరు తీసుకుపోయి కోయించాం, కరెంటు పెట్టించాం. మగ్గం మీద చీర సగంలో ఉండగానే పోయాడు. ఆ చీరను ఆయన కొడుకు పూర్తి చేశాడు.

ఆ పొట్లాలు మా బావకు ఏ పోస్టుమాను తెచ్చిచ్చాడు? ఎక్కడ సంతకం పెట్టించుకున్నారు? మగ్గాల వీధి మలుపులోనే దొరికాయి. నిషేధానికి ముందూ దొరికాయి, తరవాతా దొరికాయి.

అందుకే అంటున్నాను. పార్శెలుకు పంపినవాడి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, తేదీ ముద్ర ఉంది, సంతకం ఉంది. పన్ను కట్టారో లేదో చూడవచ్చు, వయసెంతో అడగవచ్చు. ఇంత వెలుతురున్న దారిని మూసి, చీకటిదారిని వదిలిపెట్టడం ఏ న్యాయం? 2003 నాటి చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదంటుంది, బడికి నూరు గజాల లోపల అమ్మకూడదంటుంది. ఆ మాట ముందు నిలబెట్టండి. పోస్టులో వచ్చేదానికి పన్ను ముద్ర, హెచ్చరిక బొమ్మ, పెద్దవాళ్ళ సంతకం తప్పనిసరి చేయండి. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి 1976 నుంచి ఆకును విదేశాలకు పంపిస్తున్న ప్రభుత్వం, పల్లెలో ముసలాయనకు వచ్చే రెండు పొట్లాలు చూసి ఉలిక్కిపడడం బాగుండదు.

మా జేజినాయన మరునాడు పోస్టాఫీసుకు పోయి, సంతకం పెట్టి, పార్శెలు తెచ్చుకున్నాడు. నా నిర్వాకం పోస్టాయన చెప్పినట్టున్నాడు, ఇంటికి రాగానే నా చెవి ఎర్రబడింది. ఆ తరవాత డబ్బీ పెట్టెలోకి వెళ్ళింది, తాళంచెవి ఆయన మొలతాటికి ఎక్కింది.

నేను ఈనాటికీ పొడుం రుచి ఎరగను. ఆ పుణ్యం ఏ నిషేధానిదీ కాదు. దుడ్లు చూపించినా పార్శెలు ఇవ్వనన్న ఆ పోస్టాయనది.