వెనక తలుపులున్న హెరాల్డ్

పాతకాలం ఇంగ్లీషు కారు అనగానే చాలామందికి హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ గుర్తొస్తుంది. అక్కడ 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. పసుపు రంగు కారు, వెనక సీటు ఉండాల్సిన చోట సింహాసనం లాంటి కుర్చీ. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారు, కానీ 1911లోనే పోయారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకి తప్ప బయటికి తీయలేదు. చూసి "అబ్బ!" అనుకుని, ఒక ఫోటో తీసుకుని వచ్చేస్తాం. అందులో మన ఇళ్ళ కథ ఏమీ ఉండదు.

మన కృష్ణా జిల్లా ఇళ్ళలో తిరిగిన ఇంగ్లీషు కారు వేరే ఉంది. దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. నలభై దాటినవాళ్ళకి లీలగా గుర్తుండొచ్చు. డాక్టరుగారింటి ముందో, రైసు మిల్లు షెడ్డులోనో పొట్టిగా, ముందు రెండు పెద్ద కళ్ళతో, వెనక చిన్న రెక్కల్లాంటి అంచులతో నిలబడి ఉండేది. అంబాసిడర్ పక్కన పెడితే పెద్దమనిషి పక్కన కాలేజీ కుర్రాడిలా ఉండేది. ఆ మాటకొస్తే అంబాసిడరూ ఇంగ్లీషు సంతానమే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన దేశంలో పెట్టిన పేరది. కానీ దాన్ని మనం పూర్తిగా మనదనేసుకున్నాం. హెరాల్డ్‌కి ఆ అదృష్టం పట్టలేదు.

పేర్ల సంగతి చెప్పకుండా ఉండలేను, తెలుగు బి.ఏ. చదివిన బుద్ధి. స్టాండర్డ్ అంటే మనం "నాణ్యమైనది" అనుకుంటాం గానీ ఆ మాటకి జెండా అనే అర్థం కూడా ఉంది. ఆ కంపెనీ వేరే కార్లకి పెట్టిన ఎన్‌సైన్, పెన్నెంట్ అనే పేర్లు కూడా జెండాలే. హెరాల్డ్ అంటే రాజుగారి కబురు చాటేవాడు, మన దండోరా మనిషి. ఇంగ్లండులో ఇది ట్రయంఫ్ హెరాల్డ్, అంటే విజయం. మద్రాసులో తయారైంది గనక ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డ్. విజయవాడకొచ్చే కారు పేరులోంచి విజయం తీసేశారన్నమాట!

ఇంగ్లండులో ఇది బయటికొచ్చింది 1959 ఏప్రిల్లో. రూపం గీసింది ఇటలీ దేశస్థుడు, టురిన్ నగరానికి చెందిన జొవాన్నీ మికెలొట్టి. అందుకే ఇంగ్లీషు కారైనా ఆ సొగసు. దాని పుట్టుకలో ఒక తమాషా ఉంది. అప్పటికి చాలా కంపెనీలు కారు ఒళ్ళంతా ఒకే పెట్టెలా వెల్డింగ్ చేసేస్తున్నాయి. ట్రయంఫ్ వాళ్ళకి అది కుదరలేదు. వాళ్ళకి బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. ఇక చేసేది లేక, కింద విడిగా ఇనప ఛాసిస్ పెట్టి, దాని మీద ముక్కలు ముక్కలుగా వేరువేరు చోట్ల చేయించిన బాడీని బోల్టులతో బిగించారు. ముందు ముక్క, మధ్య ముక్క, వెనక ముక్క, పైన టాపు. పాత పద్ధతే, గతిలేక పట్టుకున్నది. కానీ ఆ గతిలేనితనమే మద్రాసుకి వరమైంది. ముక్కలుగా ఓడెక్కించి తెచ్చి ఇక్కడ బిగించుకోవడం, తర్వాత ఒక్కో ముక్కా ఇక్కడే చేసుకోవడం తేలికైంది.

మద్రాసు కంపెనీ పేరు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా, 1948లో పెట్టారు. ఫ్యాక్టరీ తాంబరం దాటాక వండలూరు దగ్గర. 1953లో కేంద్ర ప్రభుత్వం, సామాను తెచ్చి బిగించి అమ్ముకోవడం చాలు, ఇక్కడే తయారు చేసేవాళ్ళే ఉండండి అని చెప్పింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ మూట సర్దుకుని పోయాయి. మిగిలినవి కలకత్తా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. ముప్ఫై ఏళ్ళ పాటు మన దేశంలో సొంత కారు అంటే దాదాపు ఈ మూడే. అంబాసిడర్, ఫియట్ అయితే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1961లో హెరాల్డ్ మద్రాసులో తయారవడం మొదలైంది.

అప్పటికి ప్రకాశం బ్యారేజీ మీద బళ్ళు తిరగడం మొదలై నాలుగేళ్ళే. పాత ఆనకట్ట 1952 వరదకి తెగితే, 1957కి బ్యారేజీ పూర్తి చేశారు. నీళ్ళ సంగతి అలా ఉంచితే, కారున్న ఇంటికి అది కృష్ణ దాటే దారి కూడా. మద్రాసులో కొన్న కారు నెల్లూరు, ఒంగోలు, గుంటూరు మీదుగా వచ్చి బ్యారేజీ దాటి బెజవాడలో దిగేది. లోపలి ఊళ్ళకి దారి కాలవగట్టే. గట్టు మీద కారు తిప్పడం ఎంత కష్టమో డెల్టా ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క వరిచేను, మధ్యలో డ్రైవరు ముందుకీ వెనక్కీ కోస్తుంటే లోపల మనం దేవుళ్ళందరికీ మొక్కుకోవడం. హెరాల్డ్ ఇరవై అయిదు అడుగుల చోటులో గిర్రున తిరిగిపోయేది. లండన్ టాక్సీలాగా తిరుగుతుందని అక్కడ గొప్పగా చెప్పుకునేవారు. మాకు కాలవగట్టు చాలు!

ఇక ఈ కారు స్పోర్ట్స్ కార్ల మాటలోకి ఎలా వచ్చింది? 1962లో ట్రయంఫ్ వాళ్ళు ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కాస్త కురచ చేసి, ఇద్దరే కూర్చునే టాపులేని కారు చేశారు. దాని పేరు స్పిట్‌ఫైర్. 1965లో ఫ్రాన్సులో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో అది తన తరగతిలో మొదటిగా వచ్చింది. ఆ స్పిట్‌ఫైర్ మన దేశంలో తయారవలేదు. కానీ అక్క ఇక్కడ ఉంది కదా అని కుర్రాళ్ళు హెరాల్డ్‌నే పందేలకి దింపారు. మద్రాసు పొలిమేరల్లో మనం వెళ్ళే దారిలోనే షోలవరం ఉంది చూడండి, అక్కడ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద జరిగిన కార్ల పందేల్లో హెరాల్డులు పరుగెత్తాయి.

కాబట్టి మద్రాసుకి వచ్చింది కుర్రతనం ఉన్న కారు. రెండే తలుపులు. అసలు కథ ఈ తలుపుల్లోనే ఉంది.

రెండు తలుపుల కారులో వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు వంచాలి. నడుం వంచి, తల దించి, ఒక కాలు లోపల పెట్టి, ఒళ్ళంతా మెలితిప్పి దూరాలి. పంట్లాం వేసుకున్న కుర్రాడికి ఒక్క క్షణం పని. చీర కట్టుకుని, చంకలో పిల్లాణ్ణి, చేతిలో క్యారేజీని పట్టుకున్నావిడకి? నెలలు నిండిన మనిషికి? మోకాళ్ళ నొప్పుల ముసలావిడకి? మన ఇళ్ళలో ముందు సీటు మగవాళ్ళదే కదా. అందువల్ల ఆ మెలితిరిగే పనంతా ఆడవాళ్ళకే వచ్చేది.

మా అత్తయ్యగారు చెబుతారు. వాళ్ళ పుట్టింట్లో రెండు తలుపుల హెరాల్డ్ ఉండేదట. వాళ్ళ నాయనమ్మ ఒక్కసారి ఎక్కి, దిగలేక, ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చిందట. ఆ తర్వాత ఆవిడ "అది కారు కాదురా, ఎలుకల బోను" అని, పెళ్ళిళ్ళకి కూడా బస్సులోనే వెళ్ళేదట. ఇంటి ముందు కారు పెట్టుకుని ఆవిడ బందరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే కొడుకుకి తలవంపులు. చివరికి ఆయన అది అమ్మేసి అంబాసిడర్ కొన్నాడు.

ఇలాంటి నాయనమ్మలు ఒక్క కృష్ణా జిల్లాలోనే ఉన్నారనుకోను. అంబాసిడర్‌కీ ఫియట్‌కీ నాలుగేసి తలుపులు. సంసారి ఆ రెంటివైపే మొగ్గాడు. దాంతో మద్రాసు వాళ్ళు 1968లో హెరాల్డ్ మార్క్ త్రీ తెచ్చి, దానికి నాలుగు తలుపులు పెట్టారు. ఇంగ్లండులో నాలుగు తలుపుల హెరాల్డ్ ఏనాడూ తయారు కాలేదు. ఐదు లక్షలకి పైగా కార్లు చేసి 1971లో ఆపేశారు గానీ, వెనక తలుపు అవసరం వాళ్ళకి రాలేదు. పుస్తకాల్లో దీన్ని "భారతీయ పరిస్థితులకి తగిన మార్పు" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ పరిస్థితులంటే చీర, చంకలో పిల్లలు, అత్తగార్లు అని నేను చదువుకుంటాను. ఏ ఇంజనీరూ ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా బావగారు, అంటే మావారి అన్నగారు, రిటైరయ్యాక ఒక పాత హెరాల్డ్ కొన్నారు. గుడివాడ వైపు ఒక పల్లెలో, గడ్డివాము పక్కన పాకలో, ధాన్యం బస్తాలకి ఆసరాగా నిలబడి ఉందట. యజమాని కొడుకులు తుక్కు కింద కాటా వేయబోతుంటే ఈయన అడ్డుపడ్డారు. లారీ మీద తెచ్చి ఆటోనగర్‌లో దింపారు. మార్క్ త్రీ, నాలుగు తలుపులది.

మన ఆటోనగర్ గురించి ఒక మాట. 1960లలో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌కి ఎక్కడెక్కడి లారీలో బాడీలు కట్టించుకోవడానికి వస్తాయి. టింకరింగ్, లేత్ పని, రెక్సిన్ కుట్టడం, రేడియేటర్లకి అతుకులు, ఏది కావాలన్నా నాలుగు వీధుల్లో దొరుకుతుంది. కొత్త కారు బంపరు విరిగితే మార్చడమే తప్ప బాగుచేయడం ఎవరూ చేయరిప్పుడు. రేకుని సుత్తితో కొట్టి ఒంపు తేగల పెద్ద మేస్త్రీలు మాత్రం ఇంకా అక్కడ కొందరున్నారు.

హెరాల్డ్ ముందు భాగం మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి, ఒకే ముక్కగా ముందుకి వాలిపోతుంది. లోపల ఇంజినూ, ముందు చక్రాల సరంజామా అంతా వంటింటి అలమర తెరిచినట్టు కనిపిస్తుంది. మెకానిక్ చక్రం మీద కూర్చుని పని చేసుకోవచ్చు. 948 సీసీ ఇంజిను. బోరింగ్ చేసి, రింగులు మారిస్తే తిరిగిందది. తుప్పే పెద్ద శత్రువు. మన డెల్టా తేమకి, సముద్రపు గాలికి, బాడీని మోసే పక్క ఇనప చేతులు లోపల్నుంచి తినేసి ఉంటాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ముందు చక్రాలు తిరిగే చోట కంచు కీలు ఒకటుంటుంది. దానికి చిక్కటి గేరు నూనె పెట్టాలి, గ్రీజు పెట్టకూడదు. గ్రీజు గట్టిపడి లోపలికి దిగదు, కీలు అరిగి, ఒకనాడు చక్రమే పక్కకి పడిపోతుంది. ఎన్నో హెరాల్డులకి చెడ్డపేరు వచ్చింది ఈ అలవాటు గ్రీజు వల్లే. కుట్టుమిషనుకి వంటనూనె పోస్తే ఏమవుతుందో తెలిసిన మనకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు సామానుకి ఇబ్బంది లేదు. స్పిట్‌ఫైర్‌ని మోజుపడి ఉంచుకున్నవాళ్ళు ఇంగ్లండులో వేలల్లో ఉన్నారు గనక కీళ్ళు, బ్రేకు రబ్బర్లు, ఇంజిను సామాను ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతారు. పార్సిల్లో వస్తాయి, కస్టమ్స్ కడితే చాలు. వెనక తలుపుల సామాను ఎవరు పంపుతారు? ఆ తలుపులు వాళ్ళు చేయనే లేదు. వాటి అద్దం, గొళ్ళెం, చుట్టూ వేసే రబ్బరు బీడింగ్ ప్రపంచంలో ఎక్కడా అమ్మకానికి లేవు. పాత ఇనప కొట్లలో వెతకాలి, లేదా చేతితో చేయించాలి.

దానికి బావగారికి ఒక ఆలోచన వచ్చింది. వెనక తలుపులు వెల్డింగ్ చేసి మూసేసి, మధ్య కంబం కోసి, టాపు తీసేసి, స్పిట్‌ఫైర్ లాగా చేసేద్దామని. రెండు తలుపుల హెరాల్డులకి టాపు బోల్టులు విప్పితే ఊడొస్తుంది, అలా ఓపెన్ కార్లు చేసుకున్నవాళ్ళున్నారు. వాటికే మోజు, వాటికే ధర. ఎర్ర రంగు, టాపు లేని కారు, బందరు రోడ్డు మీద ఆయన. మా తోడికోడలు అక్కయ్య లెక్కల పుస్తకం మూసి, "మరి నేనెక్కడ కూర్చోనండీ?" అంది. "ముందు, నా పక్కనే" అన్నారాయన. "అత్తయ్యగారో?" అంది.

ఆయన మాట్లాడలేదు. కోపగించుకుని మూడు రోజులు ఆటోనగర్ వైపే వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే నాకాయన మీద జాలే వేసింది. నలభై ఏళ్ళు ఇంటికోసం పనిచేసిన మనిషి, ఒక్క బొమ్మ అడుగుతున్నాడు. కానీ ఆ బొమ్మ కోసం కోసేది దేన్ని? ఈ కారు మొత్తంలో ఇంగ్లండు నుంచి రానిది, మన కోసం మనవాళ్ళు కలిపింది, ఆ వెనక తలుపులే. వాటిని మూసేస్తే మిగిలేది ఇంకో ఇంగ్లీషు కారు నకలు.

తీర్పు చెప్పింది మేమెవరమూ కాదు, గెజెట్టు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్ళు దాటిన సొంత బళ్ళకి విడిగా "వీఏ" అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, తర్వాత 5,000 కట్టి పొడిగించుకోవాలి. రోజువారీ తిరుగుడుకి పనికిరాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. అన్నిటికంటే ముఖ్యం, ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కంబం కోస్తే ఆ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే. మావారు ఆ కాగితం తెచ్చి అన్నగారి ముందు పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చేశారు.

మద్రాసులో హెరాల్డ్ తర్వాత గెజెల్ అని ఇంకోటి వచ్చింది, జింక అన్నమాట. హెరాల్డ్ వెనక చక్రాల అమరిక ఇక్కడి మెకానిక్కులకి నచ్చలేదని దీనికి మామూలు యాక్సిల్ పెట్టారు. అది 1977 వరకు నడిచింది. 1980లలో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చి కంపెనీ నష్టపోయింది, 1988కి మూతపడింది.

ప్రస్తుతం కారు ప్రైమర్ రంగులో ఉంది. వెనక ఎడమ తలుపు అద్దం కోసం అట్టముక్కతో కొలత తీసి, అద్దాలు కోసేచోట ఇచ్చారు. బీడింగ్‌కి వేరే బండి రబ్బరు సరిపడుతుందేమోనని మేస్త్రీ మూడు రకాలు పెట్టి చూశాడు, మూడూ వదులే. గొళ్ళెం లేత్ మీద చేస్తున్నారు. కిందటి ఆదివారం అత్తయ్యగారిని తీసుకెళ్ళి చూపించారు. రెక్సిన్ వేయని ఇనప చట్రం మీద దుప్పటి పరిస్తే, ఆవిడ తాళ్ళతో కట్టిన వెనక తలుపు తీయించుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నారు.