టాంగ్రా ఎండలో ఆవాకు

ఆవాకుని ముందు వాడబెట్టాలి, ఎండిపోనివ్వకూడదు. కాడ వంచితే విరక్కుండా వంగేదాకా చలికాలపు ఎండలో ఉంచాలి. తర్వాత కిలోకి పాతిక ముప్ఫై గ్రాముల ఉప్పు వేసి, ఆకు నీరు వదిలేలా రెండు చేతులా పిసికి, సందులేకుండా జాడీలో కూరి, పైన బరువైన రాయి పెట్టాలి. మర్నాటికి ఊట ఆకు మీదకి రావాలి. రాకపోతే కాస్త ఉప్పునీళ్ళు పొయ్యాలి. మునిగిన ఆకు పులుస్తుంది, తేలిన ఆకు బూజు పడుతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఆ ఉప్పుకి తట్టుకోలేవు. పులియబెట్టేవి తట్టుకుంటాయి. ఇందులో రహస్యమంతా అదే. వారం పది రోజుల్లో పచ్చదనం చచ్చి పసుపు తిరుగుతుంది, మూత తీస్తే పుల్లవాసన ముక్కుని పట్టుకుంటుంది. నూనె లేదు, కారం లేదు, ఇంగువ ప్రసక్తే లేదు. మన ఆవాల మొక్కా ఇదీ ఒకే జాతి. మనం గింజలు దంచుకున్నాం, హక్కా చీనావాళ్ళు ఆకు ఊరేసుకున్నారు. పేరు హామ్ చోయ్. దాన్నే ఉప్పు పట్టిస్తూ, ఎండబెడుతూ పోతే నల్లబడి మోయ్ చోయ్ అవుతుంది. పంది మాంసం ముక్కలతో కలిపి ఆవిరి మీద ఉడికించడానికి దాన్ని మించింది లేదంటారు.

కలకత్తా తూర్పు కొసన టాంగ్రాలో ఈ విద్యని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పై కులాలవాళ్ళు ముట్టని తోలు పనిని హక్కాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడ చేపట్టారు. కింద టానరీ, పైనో పక్కనో కాపురం. ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ అనే మానవశాస్త్రవేత్త ఆ కుటుంబాల మధ్య ఉండి రాసిన పుస్తకం 1993లో వచ్చింది. ఇల్లూ కార్ఖానా వేరుకాని బతుకు అందులో కనిపిస్తుంది. పచ్చితోలు కుళ్ళకుండా కాపాడేది ఉప్పే, ఆకుని కాపాడేదీ ఉప్పే. రెంటికీ కావలసింది ఎండా, ఓపికా. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి జాడీలో ఉప్పు ఎంత పడాలో వేరే చెప్పాలా?

కలకత్తాతో చీనావాళ్ళ బంధం అంతకంటే పాతది. వారన్ హేస్టింగ్స్ కాలంలో టాంగ్ అచ్యూ అనే చీనా వర్తకుడు బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున చెరుకుతోటా చక్కెర మిల్లూ పెట్టాడు. ఆ ఊరు ఆయన పేరనే అచీపూర్ అయింది. ఇప్పటికీ చీనా కొత్త సంవత్సరానికి ఆయన సమాధి దగ్గరకి జనం వెళతారు. తర్వాత వచ్చినవాళ్ళు నగరం నడుమ టిరెట్టా బజార్ చుట్టూ స్థిరపడ్డారు. వడ్రంగం, చెప్పుల దుకాణాలు, పళ్ళ వైద్యం... ఒక దశలో వాళ్ళ సంఖ్య ఇరవై వేలు దాటిందంటారు.

1962 అక్టోబరు 20న భారత్-చీనా యుద్ధం మొదలైంది. నెల్లాళ్ళలో ముగిసింది కూడా. కానీ వీళ్ళ మీద అనుమానం ముగియలేదు. చీనా మూలాలున్నవాళ్ళని, ఇక్కడే పుట్టినవాళ్ళతో సహా, దాదాపు మూడు వేలమందిని రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరానికి తరలించారు. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ వైపు నుంచే ఎక్కువమంది. కొందరిని 1963లో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కించి, చాలామంది ఎన్నడూ చూడని చీనాకి పంపేశారు. శిబిరం ఖాళీ అయ్యేసరికి 1967 వచ్చింది. కలకత్తాలో మిగిలినవాళ్ళు పోలీసు రిజిస్టర్లలో పేర్లు రాయించుకుంటూ, ఊరు దాటాలంటే అనుమతి అడుగుతూ బతికారు. ఊరగాయ పెట్టేవాళ్ళకి వచ్చే నెల కూడా ఈ ఇంట్లోనే ఉంటామన్న ధీమా ఉండాలి. నా దృష్టిలో మొదట పోయింది అదే. కుటుంబాలు ఒక్కొక్కటిగా కెనడా దారి పట్టాయి. టొరంటోలో హక్కా హోటళ్ళ బోర్డులు వెలిశాయి.

రెండో దెబ్బ కోర్టు నుంచి వచ్చింది. గంగ కాలుష్యం మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 19న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. టాంగ్రా, తిల్జలా, తోప్సియా, పాగ్లాడాంగాల్లోని సుమారు 550 టానరీలు నగరం వెలుపల బంతలాకి వెళ్ళిపోవాలని. తీర్పుని తప్పుపట్టలేం. శుద్ధి చెయ్యకుండా వదిలిన క్రోమియం నీళ్ళ పక్కన ఏ బిడ్డా పెరగకూడదు. కానీ బంతలాలో ఇచ్చింది కార్ఖానాకి చోటు, కాపురానికి కాదు. అక్కడ పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళు వెళ్ళారు. కొందరు పాత షెడ్లని రెస్టారెంట్లుగా మార్చారు. పిల్లలున్నవాళ్ళు పిల్లల్ని విదేశాలకి పంపారు. మిగిలిన జనం రెండు వేలకి అటూ ఇటూ అంటున్నారు. 1969 నుంచి చీనా భాషలో నడిచిన పత్రిక సియాంగ్ పౌ కూడా 2020లో ఆగిపోయింది.

పక్కింటి బెంగాలీలకీ ఇలాంటి కథే ఒకటుంది. అక్షయ తృతీయ నాడు మడి కట్టుకుని ఆవాలు కడిగి పెట్టే కాసుంది ఇప్పుడు చాలా ఇళ్ళలో కొట్టు సీసాగా మారింది. కాకపోతే వాళ్ళ ఇళ్ళు వాళ్ళకి మిగిలాయి.

హామ్ చోయ్ నేర్చుకుందామని కలకత్తా కుర్రకారు ఎవరైనా ఫోన్ తెరిస్తే ముందుగా కొరియా కిమ్చీ, జర్మనీ సవర్‌క్రాట్ పలకరిస్తాయి. టాంగ్రాకి వెళితే మెనూ కార్డులో చిల్లీ చికెన్, హక్కా నూడుల్స్ ఎదురొస్తాయి. దేశమంతటా ఏ వీధి బండి దగ్గర చూసినా హక్కా అన్న మాట నూడుల్స్‌కే అతుక్కుని ఉంది, హక్కాల ఇళ్ళలో ఊరిన ఆకు పేరు మాత్రం ఆ బండివాడికి తెలీదు.