నీటి ఆధారిత జింకు బ్యాటరీలు: కాథోడు చరిత్ర

ఈ బ్యాటరీలో రుణధ్రువం జింకు రేకు, ఎలక్ట్రోలైటు జింకు లవణం కలిపిన నీరు. రెండూ చవక, నిప్పంటుకునే భయమూ లేదు. చిక్కంతా ధనధ్రువమైన కాథోడుతోనే. గ్రాముకు 820 మిల్లీయాంప్-గంటలు ఇవ్వగల జింకుకు తగిన జోడీ కోసం సాగిన వెతుకులాట ఎక్కువగా మాంగనీసు డయాక్సైడు చుట్టూనే తిరిగింది.

1866లో ఫ్రాన్సుకు చెందిన జార్జి లెక్లాంషే చేసిన సెల్లులో కాథోడు ఇదే. టార్చిలైటు సెల్లు పగలగొడితే చేతికంటే నల్లపొడిలోనూ కార్బన్‌తో పాటు ఉండేది ఇదే. తరవాత వచ్చిన క్షార సెల్లును మళ్లీ ఛార్జి చేయాలని చూశారు కానీ, పూర్తిగా వాడేస్తే మాంగనీసు తిరిగిరాని రూపాల్లోకి మారిపోయేది. 1986లో జపాన్‌లో యమమోటో, షోజీ క్షారాన్ని వదిలి, కాస్త ఆమ్లగుణమున్న జింకు సల్ఫేటు ద్రావణం వాడారు. సెల్లు తిరిగి ఛార్జి అయింది. లిథియం హవాలో ఆ ఫలితం చాన్నాళ్లు మరుగున పడింది. 2012లో చైనాలోని త్సింగ్‌హువా విశ్వవిద్యాలయ బృందం, ఆల్ఫా రకం మాంగనీసు డయాక్సైడు స్ఫటికంలోని సొరంగాల్లోకి జింకు అయాన్లు వెళ్లివస్తాయని చూపడంతో ఈ రంగం ఊపందుకుంది.

ఈ కాథోడుకున్న అసలు జబ్బు కరగడం. డిశ్చార్జిలో ఏర్పడే మూడు ఆవేశాల మాంగనీసు నిలకడగా ఉండదు. అలాంటి అయాన్లు రెండు కలిస్తే ఒకటి నాలుగుకు ఎక్కుతుంది, మరొకటి రెండుకు దిగి నీళ్లలో కలిసిపోతుంది. 2016లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల బృందం, ముందుగానే ఎలక్ట్రోలైటులో మాంగనీసు సల్ఫేటు కలిపి కరుగుదలను అణచింది. 5000 ఛార్జి-డిశ్చార్జి సైకిళ్ల తరవాతా 92 శాతం సామర్థ్యం మిగిలింది. కాథోడుకు దొరికిన మేలైన వైద్యం కాథోడును ముట్టుకోకుండానే జరిగిందన్నమాట. అయితే కాథోడు లోపలికి వెళ్లేది జింకు కాదు, ప్రోటానులే అన్నది ఆ బృందం మాట. రెండూ వెళతాయని మరుసటి ఏడాది ఇంకో బృందం చెప్పింది. ఆ వాదన నేటికీ తెగలేదు.

అదే 2016లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో లిండా నజార్ బృందం వనాడియం ఆక్సైడు పొరల మధ్య జింకు అయాన్లను, నీటి అణువులను స్తంభాల్లా నిలిపి, గ్రాముకు దాదాపు 300 మిల్లీయాంప్-గంటలు సాధించింది. వోల్టేజి మాత్రం మాంగనీసు కంటే బాగా తక్కువ. ప్రష్యన్ బ్లూ జాతి పదార్థాలది ఇందుకు ఎదురు: వోల్టేజి 1.7 వోల్టుల దాకా ఉన్నా సామర్థ్యం అంతంతే. క్వినోను వంటి సేంద్రియ పదార్థాలనూ ప్రయత్నించారు.

వేల సైకిళ్ల లెక్కలు చదివేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. చాలా ప్రయోగాల్లో కాథోడు పలచటి పూత, ఛార్జి నిమిషాల్లో ముగుస్తుంది. మందంగా పూసి గంటల తరబడి నెమ్మదిగా నడిపితే దాగిన కరుగుదల బయటపడుతుంది.

2019లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ బృందం ఆ కరుగుదలనే పనిలో పెట్టింది. డిశ్చార్జిలో మాంగనీసు డయాక్సైడును పూర్తిగా కరగనిచ్చి, ఛార్జిలో మళ్లీ పేరుకునేలా చేసింది. ఒక్కో అణువు నుంచి రెండు ఎలక్ట్రానులు, దాదాపు 1.95 వోల్టులు వచ్చాయి. ఇందుకు ద్రావణంలో ఆమ్లం తప్పనిసరి, ఆమ్లం జింకును తినేస్తుంది.