ఇమాం బేగ్ బావి

ఒంటిమిట్ట అంటే కోదండరామాలయం ఒక్కటే కాదు, ఇమాం బేగ్ బావి కూడా. 1640 నాటి మాటగా చెప్పుకుంటారు: సర్కారు తరఫున వచ్చిన ఇమాం బేగ్ "పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా?" అని అడిగి, మూడుసార్లు పిలిస్తే "ఓ" అని వినబడిందట. కథ ఎట్లున్నా, నీళ్ల ఎద్దడి చూసి ఆయన తవ్వించిన బావి మన కళ్ల ముందుంది.

మదీనాలో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలారు. నీళ్లివ్వడం సదఖా జారియా. తవ్వినవాడు పోయినా పుణ్యం ఆగదు.

వాన నమ్మలేని సీమ మనది. బోర్లు లోతుకు పోతున్నాయి, పాతబావులు పూడిపోతున్నాయి. మన పిల్లకాయలు సెలవుల్లో ఊరికొక బావి పూడిక తీసి, ఆ నీళ్లతో బడి వెనక నాలుగు మళ్లు కూరాకు పెంచితే ఇమాం బేగ్ పేరు నిలిపినట్టే. అల్లాహ్ ఆ తౌఫీఖ్ ఇచ్చుగాక, ఆమీన్.