మొంబాసా: దర్శనీయ స్థలాలు

కెన్యా తీరంలోని ఈ ద్వీప నగరంలో ముందుగా చూడవలసింది ఫోర్ట్ జీసస్. 1593–96 మధ్య పోర్చుగీసువారు పగడపు రాతి గుట్టపై కట్టిన ఈ కోటను ఒమన్ సేనలు 1696 నుంచి 1698 దాకా ముట్టడించి వశపరచుకున్నాయి. 2011లో ఇది ప్రపంచ వారసత్వ స్థలమైంది. లోపల మ్యూజియం ఉంది. కోటను ఆనుకొనే పాతబస్తీ. ఇరుకు సందులు, చెక్కిన వసారాలు, నగిషీల తలుపులు. దీన్ని నడిచే చూడాలి. మోయ్ అవెన్యూపై అడ్డంగా నిలిచిన లోహపు ఏనుగు దంతాలు నగరానికి గుర్తు.

ఉత్తరాన బాంబురిలోని హాలర్ పార్కు అసలైన అద్భుతం. సిమెంటు కోసం సున్నపురాయి తవ్వేసిన బోడినేలలో రెనే హాలర్ 1971లో సరుగుడు మొక్కలు నాటించాడు. రాలిన ఆకు కుళ్ళక పేరుకుపోతుంటే రోకలిబండలను వదిలారు. అవి ఆకు తిని విసర్జించిన దానితోనే మట్టి ఏర్పడింది, అడవి లేచింది. ఇప్పుడక్కడ జిరాఫీలు, నీటిగుర్రాలు తిరుగుతున్నాయి.

నైరుతిన షింబా హిల్స్‌లో అరుదైన సేబుల్ జింకలున్నాయి. మలిందీ దారిలో, అడవి కమ్మేసిన గెడె స్వాహిలీ పట్టణ శిథిలాలకు ఒక పూట కేటాయించవచ్చు.