మాట నేర్పడానికి ఎంత తీసుకుంటారండీ?

గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఏ పట్నంలో చూసినా ఈ బోర్డులే. రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఎక్కడికెళ్ళినా ఓ మేడమీద స్పోకెన్ ఇంగ్లీషు, పక్క మేడమీద ఐ.ఇ.ఎల్.టి.ఎస్., ఆ పైన జర్మన్ భాష. ముప్ఫై రోజుల్లో గడగడా మాట్లాడించేస్తామంటారు. ఫీజు వినగానే మాత్రం మనకే మాట పడిపోతుంది! అయినా పిల్ల భవిష్యత్తు కదా అని పోపులడబ్బాలో దాచుకున్నదంతా తీసి కట్టేస్తాం. కట్టొచ్చాక రాత్రి నిద్రపట్టదు. ఇంత పోస్తే నిజంగా మాట వస్తుందా?

ఈ సందేహం మనతో మొదలైంది కాదు. భాష నేర్చుకోవటానికి డబ్బు పొయ్యటం రెండువందల ఏళ్ళ నాటి సంగతే. కాకపోతే అప్పట్లో పోసింది మనం కాదు, తెల్లదొరలు. మన తెలుగు నేర్చుకోవటానికి!

ఈస్టిండియా కంపెనీవారు 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పెట్టారు. ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకి అక్కడ దేశభాషలు నేర్పేవారు. ఖర్చంతా కంపెనీదే. పండితుల్ని కూడా వాళ్ళే పెట్టేవారు. పరీక్ష నెగ్గితేగాని జిల్లాకి పంపేవారు కాదు. 1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌను అలాగే చదివాడు. వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్ది, 1820లో పరీక్ష ప్యాసై కడప వెళ్ళాడు. తర్వాత మచిలీపట్నంలోనూ, మన రాజమండ్రిలోనూ పనిచేశాడు.

కళాశాలలో ఆయనకి తెలుగు వచ్చిందా అంటే, పరీక్షకి సరిపడా వచ్చింది. అసలు తెలుగు పట్టుబడింది కచేరీలో రైతుల మొర వింటూ, పండితుల్ని సొంత జీతంతో పోషించి తాళపత్రాలు చదివించుకుంటూ ఉండగా. అందుకోసం అప్పులపాలయ్యాడు కూడా. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అంటే మొదటి పాఠానికి కంపెనీ కట్టిన డబ్బు దండగ కాలేదు, అది గుమ్మం దాటించింది. లోపల నడవటం మాత్రం ఆయన పనే అయింది.

ఇక మన ఆడవాళ్ళ కథకి వద్దాం. ఇది వింటే మనసు ఉప్పొంగుతుంది.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి పెరిగింది కాకినాడలో. ఇంగ్లీషు చదువుల మీద నిరసనగా చిన్నతనంలోనే బడి మానేసింది. మానేసి ఇంట్లో కూర్చోలేదు సుమా! హిందీ నేర్చుకుని, పన్నెండు పదమూడేళ్ళ ప్రాయంలో తనే ఆడవాళ్ళకి హిందీ పాఠశాల పెట్టేసింది. గాంధీగారి పూనికతో 1918లో మద్రాసులో హిందీ ప్రచారం మొదలైన కొత్త రోజులవి. పరికిణీ కట్టే వయసు పిల్ల చెబుతుంటే, తల్లి వయసు వాళ్ళు పలకా బలపం పట్టుకుని నేర్చుకున్నారు.

ఆ హిందీ ఆమెకి ఎందుకు పనికొచ్చింది? గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆయన హిందీలో మాట్లాడుతుంటే, ఆ చిన్నపిల్లే సభలో తెలుగులో చెప్పింది. ఆ మాటలు అర్థమైన ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ ఒలిచి ఇచ్చారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉన్న దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే ఆపేసింది! నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చాకే లోపలికి వదిలింది. భాషతోపాటు అంత పెద్దవాళ్ళ ఎదుట నిలబడి మాట్లాడే ధైర్యమూ వచ్చిందన్నమాట.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఇంగ్లీషు వద్దని బడి మానిన ఆవిడే తర్వాత ఆ ఇంగ్లీషూ నేర్చి, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ రాసి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో బి.ఏ., ఎం.ఏ. అయి, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. తను పడిన పాట్లు ఇంకొకరు పడకూడదని, 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభలో, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. ఇప్పటి మాటల్లో అది కోచింగ్ సెంటరే! కాకపోతే లెక్క చూసుకున్నది ఎంతమంది చేరారని కాదు, ఎంతమంది తమ కాళ్ళమీద తాము నిలబడ్డారని.

ఆ హిందీ ప్రచారం తర్వాత మన వీధుల్లోనే వేళ్ళూనుకుంది. బోర్డు ఉండదు, మేడ ఉండదు. ఓ మాస్టారి వీధరుగో, ఓ పంతులమ్మగారి వసారానో చాలు. నెలకి చిన్న మొత్తం. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది మద్రాసులోని సభ. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, వంటా పిల్లలూ చూసుకుంటూనే చదివిన గృహిణులు ఎంతమందో! ప్రవీణ అయి, ఆపైన పండిట్ ట్రైనింగ్ చేసినవాళ్ళు స్కూళ్ళలో హిందీ పండితులయ్యారు. పైటకొంగున కట్టిన చిల్లర ఫీజు జీవితాంతం జీతమై తిరిగొచ్చింది.

ఈ కథలన్నీ కలిపి చూస్తే మన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఫీజు కట్టి మనం కొనుక్కునేవి మూడు: రోజూ ఫలానా వేళకి కూర్చునే కట్టుబాటు, తప్పు పలికితే దిద్దే మనిషి, పరీక్ష ఎలా ఉంటుందో చెప్పే అనుభవం. భాష మాత్రం కొనుక్కుంటే వచ్చేది కాదు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో పాఠం చెప్పేది ఒకరు, పరీక్ష పెట్టేది ఇంకొకరు. వచ్చిన మార్కులు మామూలుగా రెండేళ్ళే చెల్లుతాయి. అందుకని వీసా పనికి ఇంకా మూడేళ్ళుండగా తొందరపడి రాయించటం దండగే. చేర్చేముందు ఓ రోజు క్లాసులో కూర్చుని చూడండి. గంటసేపట్లో మాస్టారు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు? మాస్టారి గొంతే వినిపిస్తే ఆ డబ్బు మాస్టారు మాట్లాడినందుకు ఇచ్చినట్టు. పదిమందే ఉండి, ప్రతివాళ్ళ నోరూ తెరిపించి, తప్పు దిద్దుతుంటే నిశ్చింతగా కట్టండి.

ఇంకొక్క సంగతి. కోనసీమ నుంచీ, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచీ ఎందరో తల్లులు ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్తున్నారు. వాళ్ళలో చాలామందికి అరబ్బీ నేర్పే మేడలూ లేవు, బోర్డులూ లేవు. ఆ వంటిళ్ళలోనే, మాటలు పడుతూ నేర్చుకుంటారు. కొన్ని నెలలకి వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ మొదటి నెలల్లో ఒంట్లో బాగాలేదని చెప్పటానికీ, జీతం ఇంకా ఇవ్వలేదని అడగటానికీ మాట ఉండదు. ఫీజు కట్టకుండా వచ్చిన ఆ భాషకి వాళ్ళు చెల్లించింది తక్కువేమీ కాదు.

అమెరికా వెళ్ళే పిల్లకి వేలు పోసి ఇంగ్లీషు చెప్పిస్తున్నాం, మంచిదే. కువైట్ విమానం ఎక్కబోయే తల్లికి నెల్లాళ్ళు నాలుగు అరబ్బీ మాటలు నేర్పేవాళ్ళు ఊరికొకరుంటే, పెట్టిన ప్రతి రూపాయికీ అంతకన్నా విలువ ఉంటుందేమో! పదమూడేళ్ళ పిల్ల ఓ పాఠశాల నడిపిన గడ్డ మనది. మనవల్ల కాదంటారా?