ఏడమ్స్ దంపతుల లేఖలు: యుద్ధకాలపు దౌత్యం, వర్తకం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో జాన్ ఏడమ్స్, అబిగేల్ ఏడమ్స్ దంపతులు రాసుకొన్న లేఖలను దాంపత్యానురాగానికి నిదర్శనాలుగా పరిగణించడం పరిపాటి. ఆ దృష్టి తప్పు కాదు గాని, చాలదు. 1778 నుంచి జాన్, మధ్యలో కొద్ది నెలలు మినహా, ఐరోపాలో దౌత్యప్రతినిధి. అబిగేల్ మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో ఇంటినీ పొలాన్నీ నడిపిన ఇల్లాలు. ఇద్దరి నడుమ అట్లాంటిక్ సముద్రం, దానిపై బ్రిటిష్ నౌకాదళం.

లేఖ ప్రయాణించే మార్గమే దాని స్వభావాన్ని నిర్ణయించింది. 1775లో జాన్ రాసిన లేఖలు శత్రువులకు చిక్కి, బోస్టన్ పత్రికలో అచ్చయి, ఆయనను ఇరుకున పెట్టాయి. ఆ అనుభవంతో ఐరోపా నుంచి ఆయన క్లుప్తంగా, రాజకీయ విషయాలను దాటవేస్తూ రాశాడు. ఓడ పట్టుబడేలా ఉంటే లేఖలను సముద్రంలో పారవేయడమూ ఆనాటి ఆచారమే. భర్త లేఖలు ముక్తసరిగా ఉన్నాయన్న అబిగేల్ నిష్ఠూరాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ లవెల్ పంపిన రహస్యలిపి జాన్‌కు కొరుకుడు పడనే లేదు.

దాటవేతకు లోనుకానివి సరుకుల వివరాలు. చేతిరుమాళ్లు, రిబ్బన్లు, తేయాకు, నారబట్టలు, పింగాణి: ఇవి లేఖల్లో పదేపదే కనిపిస్తాయి. 1780 తొలినాళ్లలో స్పెయిన్ మీదుగా పారిస్ వెళ్తూ జాన్ బిల్బావో నగరంలోని గార్డోకీ వర్తక సంస్థ ద్వారా ఇంటికి సరుకు పంపే ఏర్పాటు చేశాడు. డబ్బుకు బదులు సరుకే ఎందుకు? కాగితపు కరెన్సీ కుప్పకూలింది. 1780 మార్చిలో కాంగ్రెస్సే 40 కాగితపు డాలర్లను ఒక వెండి డాలరుతో సమానంగా లెక్కగట్టింది. యుద్ధంవల్ల కొరత ఏర్పడిన దిగుమతి వస్తువులకేమో గిరాకీ హెచ్చు. బంధుమిత్రుల ద్వారా అమ్మించిన అబిగేల్, మూడు సరుకుల్లో ఒకటి చేరినా తనకు లాభమేనని లెక్కవేసింది. నౌకాబీమాదారుకు తీసిపోని లెక్క అది.

దౌత్యమూ ఆమెకు దూరం కాలేదు. జాన్‌పై ఫ్రాంక్లిన్ కాంగ్రెస్‌కు ఫిర్యాదు రాసిన సంగతి తెలిసి, 1781లో ఆమె లవెల్‌కు ఘాటుగా లేఖ రాసింది. 1782లో జాన్ హాలండ్ గుర్తింపునూ, 50 లక్షల గిల్డర్ల రుణాన్నీ సాధించి, అక్టోబరు 8న వాణిజ్య ఒప్పందంపై సంతకం చేశాడు. దేశానికి వర్తకమార్గాలు తెరిచిన ఆ దౌత్యవేత్తకు పెట్టుబడి అంటే సొంత ఊరి భూమే. అదే ఏడు అబిగేల్ వెర్మాంట్‌లో భూములు కొన్నది. ఇక వెర్మాంట్ జోలికి పోవద్దని ఆయన రాశాడు. ప్రభుత్వ రుణపత్రాలపై ఆమె చూపిన ఆసక్తీ ఆయనకు రుచించలేదు.

ఆంగ్ల న్యాయసంప్రదాయం ప్రకారం వివాహిత ఆర్జన భర్తదే. అయినా తన లేఖల్లో అబిగేల్ ఆ సొమ్మును తనదిగానే పేర్కొన్నది. 1784 జూన్‌లో భర్తను చేరడానికి ఓడ ఎక్కుతూ, ఆ వ్యవహారాలను బంధువు కాటన్ టఫ్ట్స్‌కు అప్పగించింది.